ఫోటో లేని నాలుగు మూలలు

మా అక్క పెళ్ళి ఆల్బంలో ఏడో పేజీలో ఫోటో లేదు. నాలుగు నల్ల కాగితపు మూలలు మాత్రం ఉన్నాయి. పాత ఆల్బంలు చూసినవాళ్ళకు గుర్తుంటుంది, అప్పట్లో ఫోటో వెనక జిగురు పూసేవాళ్ళు కాదు. పేజీ మీద నాలుగు చిన్న తొడుగులు అంటించి, ఫోటో మూలల్ని వాటిలోకి దూర్చేవాళ్ళు. ఆ పేజీలో తొడుగులు నాలుగూ కొలిచి అంటించినట్టు చక్కగా ఉన్నాయి, మధ్యలో బోసి కాగితం. ఫోటో ఊడిపోయిందనో, ఎవరో పట్టుకుపోయారనో అనుకుంటారు చూసినవాళ్ళు. అసలు ఆ ఫోటో తీయనే లేదు. తీయకపోవడానికి కారణం నేను.

ఇన్నేళ్ళకు దీని గురించి రాయడానికి కారణం మా మానస. అక్క కూతురు లత ఉంది కదా, దాని కూతురు. మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం గోవింద్‌పూర్‌లోని మా ఇంటి ముందు స్కూటీ ఆపి, హెల్మెట్టయినా తీయకుండా, “చిన్నమ్మమ్మా, మేరే సాథ్ చలో. ఫోటోగ్రాఫర్ ఫైనల్ కర్‌నా హై” అంది. తన పెళ్ళికి ఫోటోలవాళ్ళని ఖాయం చేయాలట, తోడు రమ్మని. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబు చెబుతుంది. దానికి మాటలు వచ్చిన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ ఇలాగే సాగుతోంది, ఎవరికీ లోటు లేదు. “మీయమ్మని తీసుకెళ్ళక నన్నెందుకే?” అన్నాను. “మమ్మీ సబ్‌కో హాఁ బోల్ దేతీ హై. ఆప్ నహీఁ బోల్తీ” అంది. వాళ్ళమ్మ ఎవరేం చెప్పినా సరే అనేస్తుందట, నేను అననట. స్కూల్లో పిల్లలకు హిందీ చెప్పి రిటైరైన దాన్ని, అంత తేలిగ్గా సరే అనడం నాకు చాతకాదన్న మాట నిజమే. పాత పెళ్ళిఫోటోల తరహా ఎలా ఉండేదో చూపించడానికని అది అక్క ఆల్బం కూడా సంచిలో వేసుకొచ్చింది. ఏడో పేజీ తిప్పి, “యే ఖాలీ క్యోఁ హై? నానీ బోలీ, ఆప్‌సే పూఛో” అంది. ఎందుకు ఖాళీగా ఉందో నన్నే అడగమందట అక్క. ఇన్నేళ్ళలో ఆ పేజీ విషయంలో అక్క నా పేరెత్తడం అదే మొదటిసారి. నేను చెప్పులు వేసుకున్నాను.

అక్క పెళ్ళినాటికి మేం ఈ ఊళ్ళోనే ఉక్కు కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, ముందు వరండా, వెనక బొగ్గుల పొయ్యి పెట్టుకునే రేకుల పంచ. తెల్లవారేసరికి వీధి వీధంతా పొయ్యిలు రాజేసిన పొగ, పక్కింటి బిహారీవాళ్ళు ఆవనూనె కాచిన ఘాటు, మా అమ్మ ఇంగువ పోపు, అన్నీ కలిసి ఒకటే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు ఆకలి వేస్తుంది. నాన్న కంపెనీలో బొగ్గు మాడ్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. పలాస దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదేళ్ళకే రైలెక్కి వచ్చినవాడు. సైరన్ మోగితే లేవడం, మళ్ళీ మోగితే పడుకోవడం, షిఫ్టు ఏదైనా ఇంటికి రాగానే నూతి దగ్గర నిలబడి అరగంట మొహం కడుక్కోవడం. ఎంత కడిగినా కంటి రెప్పల అంచున మసి గీత పోయేది కాదు. మా వీధిలో కోక్ ఓవెన్ల మనుషులందరూ కాటుక పెట్టుకున్నట్టే ఉండేవాళ్ళు.

అక్కకి సంబంధం కుదిరాక, ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం చేసే మా బావతో, ఇంట్లో మిగతా పనులన్నీ ఎవరికి వారు పంచేసుకున్నారు. ఫోటోలవాడిని కుదిర్చే పని మాత్రం నా మీద పడింది. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. హిందీ బడిలో చదివాను కాబట్టి ఊళ్ళో ఎవరితోనైనా మాట్లాడగలనని నాన్న నమ్మకం. “ఫోటో అంటే మొకాలు గుర్తుపట్టాల. రిటైరైనోళ్ళకి గ్రూపు ఫోటోలు తీత్తాడు సూడు, ఆడైతే ఏబైమందున్నా మడిసి మడిసీ కనపడతాడు” అని నాన్న ఒకడి పేరు చెప్పాడు. అమ్మకి మొకాలు గుర్తుపట్టక్కర్లేదు, తెల్లగా రావాలి. బిష్టుపూర్‌లో ఒకాయన పెన్సిలుతో దిద్ది ఎలాంటి పిల్లనైనా తెల్లగా చేస్తాడని ఎవరో చెప్పారు. ఇద్దరి మాటా విన్నాను, ఇద్దరి మాటా కాదన్నాను. సాక్చి బజారులో బట్టల కొట్ల మధ్య ఒక స్టూడియో కిటికీలో ఒక ఫోటో ఉండేది. బెంగాలీ పెళ్ళికూతురు మొహానికి అడ్డం పెట్టుకున్న తమలపాకులు పక్కకి తీసి, పెళ్ళికొడుకుని చూస్తున్న క్షణం. ఆ కళ్ళు చూసి నేను రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను, వెనక రిక్షావాడు తిట్టేదాకా. ఆ చూపుని పట్టుకున్నవాడు మా అక్క చూపుని పట్టుకోలేడా అనుకున్నాను. స్టూడియో ఘోష్ బాబుది. ఆయనా బెంగాలీయే, వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆ చూపు ఎప్పుడు వస్తుందో ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, అందుకే పట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తట్టలేదు.

అక్కకి ఒక అవమానం ఉండేది. అప్పటికి ఆమెకు మొత్తం మూడు ఫోటోలున్నాయి, మూడింట్లోనూ కళ్ళు మూసుకునే ఉంది. ఫ్లాష్ వెలిగిందంటే రెప్పలు పడిపోయేవి. బావవాళ్ళకి పంపిన ఫోటో కూడా అంతే. పిల్లకి చూపు బాగానే ఉందా అని వాళ్ళు మనిషి చేత అడిగించారట. అందుకని పెళ్ళికి వారం ముందు నుంచి నేను అక్కకి పాఠం మొదలుపెట్టాను. నాన్న రాత్రి షిఫ్టుకి పట్టుకెళ్ళే మూడు బ్యాటరీల టార్చి తీసుకుని, మంచం మీద అక్కని కూర్చోబెట్టి, చెప్పాపెట్టకుండా మొహం మీద వెలిగించేదాన్ని. మొదటిరోజు వెలిగించిన ప్రతిసారీ రెప్పలు పడ్డాయి. మూడోరోజుకి సగం సార్లు. ఐదోరోజుకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి గాని రెప్ప పడలేదు. అమ్మ గరిటెతో సహా వచ్చి, “ఏటే రవణా, పెళ్ళికూతురి కళ్ళు పోగొడతావేటి?” అని నా మీద విరుచుకుపడింది. “నువ్వుండమ్మా. ఒక్క ఫోటోలోనైనా నాను కళ్ళు తెరిసుండాల. ముందు ఆళ్ళకి సూపించాల” అంది అక్క. నెమ్మదైన మనిషి అంత గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదలు. టార్చి బ్యాటరీలు అయిపోతే నాన్న ఏమీ అనకుండా కొత్తవి తెచ్చిపెట్టాడు.

ఇంట్లో మిగతావాళ్ళ తయారీ కూడా తక్కువేం కాదు. ఘోష్ బాబు పందిరి చూడటానికి వచ్చినప్పుడు, మొహానికి పసుపు రాస్తే ఫోటోలో నల్లగా వస్తుందని చెప్పిపోయాడు. అమ్మకి ఒళ్ళు మండిపోయింది. “పసుపు రాయకుండా పెళ్ళికూతుర్ని సేత్తారేటి? ఆ బాబుని ఆళ్ళింట్లో సెప్పుకోమను” అంది. చివరికి పాదాలకీ మెడకీ దండిగా పసుపు, మొహానికి రాసినట్టే రాసి శనగపిండితో తుడిచెయ్యడం అని రాజీ కుదిరింది. నాన్న నాలుగురోజులు సెలవు పెట్టి, పొద్దున్నే కొబ్బరినూనె గుడ్డతో రెప్పల అంచులు తుడుచుకుంటూ అద్దం ముందు కూర్చునేవాడు. “పోయిందేటి సూడు” అని మమ్మల్ని అడిగేవాడు. పోలేదు. ఆల్బంలో కన్యాదానం ఫోటోలో నాన్న చక్కగా కాటుక దిద్దుకున్నట్టే ఉన్నాడు.

ఇక నేను చేసిన పని. పెళ్ళికి రెండు రోజుల ముందు ఘోష్ బాబు నన్ను అడిగాడు, రీళ్ళు లెక్కగా ఉన్నాయి, మీ పెళ్ళిలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఏదో చెప్పమని. మంచి ప్రశ్న, తెలిసిన మనిషి అడిగే ప్రశ్న. మాకు పెళ్ళంటే జీలకర్ర బెల్లం. తాళి ఆ తర్వాత. సుముహూర్తానికి వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టి, మధ్యనున్న తెర దించగానే ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోవాలి, అక్కడితో పెళ్ళయినట్టు. ఇది చెప్పాలి. కాని బడిలో ఒకసారి ఈ సంగతి చెబితే ఆడపిల్లలందరూ విరగబడి నవ్వారు. తల మీద జీరా, గుడ్ పెట్టుకుంటారా, అది పెళ్ళా పచ్చడా అని ఏడాదిపాటు ఏడిపించారు. ఘోష్ బాబు ముందు ఆ రెండు మాటలూ నా నోట్లోంచి రాలేదు. “జబ్ దూల్హా దుల్హన్ కే సిర్ పర్ హాథ్ రఖేగా” అన్నాను. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి తల మీద చెయ్యి పెట్టినప్పుడు తీయమని. ఆయన తల ఊపి, “సమఝ్ గయా బేటీ” అన్నాడు. అర్థమైందనే అన్నాడు, పాపం. ఈ ఊళ్ళో ఏ పెళ్ళిలోనైనా పెళ్ళికొడుకు చెయ్యి పెళ్ళికూతురి తల మీదికి వెళ్ళేది పాపిట్లో సిందూరం పెట్టడానికే కదా.

పొద్దున తొమ్మిదింటి ముహూర్తం. క్వార్టర్ల ముందు పందిరి, పలాస నుంచి వచ్చిన సన్నాయి మేళం, మావిడాకుల వాసన. పంతులుగారు తెర పట్టించారు. వధూవరులకు మధ్య గుడ్డ అడ్డం పెట్టేసరికి, ఇంకా కనపడకూడదు కాబోలు, ఇదేదో ముందు జరిగే పూజ కాబోలు అనుకుని, ఘోష్ బాబు తీరిగ్గా వెనక్కి వెళ్ళి కొత్త రీలు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఎవరో టీ కూడా ఇచ్చారు. నేను అక్షింతల పళ్ళెం పట్టుకుని అక్క వెనకే ఉన్నాను. పంతులుగారు చెయ్యెత్తారు, గట్టిమేళం మోగింది, తల తిప్పి చూస్తే ఘోష్ బాబు కుర్చీలో ఉన్నాడు, కెమెరా వెనక తలుపు తెరిచి ఉంది. అరిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. తెర దిగింది. అక్క తలెత్తి బావని చూసింది, కళ్ళు పూర్తిగా తెరిచి, రెప్ప వెయ్యకుండా. ఫ్లాష్ వెలుగుతుందని ఎదురుచూస్తూ చాలాసేపు అలాగే ఉంది. వెలగలేదు.

కాసేపటికి ఘోష్ బాబు ముందుకు వచ్చి నన్ను మెల్లిగా, “సిందూర్ కబ్ హోగా?” అని అడిగాడు, సిందూరం పెట్టేది ఎప్పుడని. నేను ఏడ్చేశాను. విషయం తెలిశాక ఆయన చాలా బాధపడ్డాడు, ఇంకొక్కసారి తెర పట్టిస్తే తీసేస్తానన్నాడు. “ముహూర్తం దాటిపోయింది నాయనా” అన్నారు పంతులుగారు. “పోన్లెండి బాబూ, మిగిలినియ్యి తియ్యండి” అన్నాడు నాన్న. మిగిలినవి ఆయన బ్రహ్మాండంగా తీశాడు. తాళి ఉంది, తలంబ్రాలు ఉన్నాయి, నాన్న కోరినట్టు మనిషి మనిషీ కనిపించే గ్రూపు ఫోటో ఉంది. ఆల్బం వచ్చిన రోజు అక్క నేలమీద కూర్చుని తనే అన్నీ అంటించుకుంది. కన్యాదానం ఫోటో తర్వాత ఒక పేజీలో మూలలు మాత్రం అంటించి తిప్పేసింది. “ఇదేటక్కా?” అన్నాను. “అక్కడుండాల్సింది అదే కదా” అంది, అంతే. నా తప్పని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆ రోజుతో తీరిపోయేది.

ఇదంతా మనసులో పెట్టుకుని మానస స్కూటీ వెనక కూర్చున్నాను. బిష్టుపూర్‌లో మొదటి ఆఫీసులో ఏసీ, సోఫాలు, గోడంత టీవీ. డ్రోన్ ఎగరేస్తామన్నారు, పెళ్ళికి ముందు పార్కులో పొగలో నడిపిస్తామన్నారు. అన్నీ విని, “హమారే యహాఁ షాదీ కిస్ పల్ హోతీ హై?” అని అడిగాను, మాకు పెళ్ళి ఏ క్షణంలో అవుతుందో చెప్పమని. “సిందూర్‌దాన్ మే, ఆంటీజీ” అన్నాడు. లేచి వచ్చేశాను. రెండో చోట కుర్రాడు ఇంకా హుషారు. “సౌత్ మే మంగల్‌సూత్ర” అన్నాడు. అక్కడా లేచాను. మెట్ల మీద మానస కోపంగా, “ఇంటర్వ్యూ లే రహీ హో క్యా, చిన్నమ్మమ్మా?” అంది. “ఔను. నీకు కాళ్ళు నొప్పులైతే చెప్పు, ఒక్కదాన్నే వెళ్తాను” అన్నాను. మూడోది సాక్చిలో, మేడ మీద చిన్న గది. పూనమ్ అని ముప్పయ్యేళ్ళ పిల్ల. నా ప్రశ్న విని కొంచెం ఆలోచించి, “ముఝే నహీఁ పతా ఆంటీ, ఆప్ బతాయియే” అని కాగితం తీసింది. తెలీదు, మీరే చెప్పండి అన్న మనిషి ఊరు మొత్తానికి ఆ పిల్లే. నేను జీరా అన్నాను, గుడ్ అన్నాను, గది దద్దరిల్లేటట్టు అన్నాను. తెర ఎవరు పడతారు, ఎవరు సైగ చేస్తే దించుతారు, ఆ చూపు ఎంతసేపు ఉంటుంది అని ఆమె అడిగింది. ఈ పిల్లే అన్నాను మానసతో.

ఆ ఆదివారం పూనమ్ లత ఇంటికి వచ్చింది. అక్క ఇప్పుడు అక్కడే ఉంటోంది. ఎవరెవరు ఎక్కడ నిలబడతారో రాసుకుంటూ, “నానీజీ, ఆప్ కహాఁ హోంగీ?” అని అడిగింది. “నానక్కడుండను. వంటల కాడుంటాను” అంది అక్క. బావ పోయిన దగ్గర్నుంచీ అంతే. ఎవరి పెళ్ళైనా ముహూర్తం వేళకి ఆమె పందిట్లో కనపడదు. ఎవరూ పొమ్మనరు, ఆమే లేచి వెళ్ళిపోతుంది, ఎవరూ ఉండమని కూడా అనరు. లత నసిగింది. “అమ్మ ఇష్టం పిన్నీ. అబ్బాయి తరపోళ్ళేటనుకుంటారో” అంది. నాకు ఆ నల్ల మూలలు కళ్ళ ముందు ఆడాయి. మొదటిసారి ఆ క్షణంలో అక్క ఉంది, ఫోటో లేదు. ఈసారి ఫోటో ఉంటుంది, అక్క ఉండదు. నేను బతికుండగా ఇది జరగనివ్వను అనుకున్నాను. పోట్లాడాను. “నలుగుర్లో నవ్వులపాలు సెయ్యకు రవణా” అంది. “సరే, నీ ఇష్టం” అన్నాను. నేను అంత తొందరగా సరే అంటే అనుమానించాల్సింది, పెళ్ళి హడావుడిలో ఆమెకు తట్టలేదు. నేను వెళ్ళి పంతులుగారిని ఒక మాట అడిగొచ్చాను. “తెర ఎవరు పట్టుకుంటే ఏమిటమ్మా, ముహూర్తానికి దించితే చాలు” అన్నారాయన.

పెళ్ళినాడు తెర ఒక కొస పెళ్ళికొడుకు వాళ్ళ పిన్నిది, రెండో కొస నాది. ముహూర్తానికి ఐదు నిముషాలుందనగా అక్క చెంగు బిగించుకుని వంటల వైపు బయల్దేరింది. “ఒసే అక్కా, ఇలా రా. చెయ్యి తిమ్మిరెక్కింది, ఒక్క నిముషం పట్టుకో, ఇప్పుడే వస్తాను” అని తెర కొస ఆమె చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా నడిచి పూనమ్ పక్కకి వెళ్ళి నిలబడ్డాను. అక్కకి అర్థమయ్యేసరికి జీలకర్ర బెల్లం పళ్ళెం వచ్చేసింది. వదిలేస్తే తెర పడిపోతుంది. రెండొందలమంది చూస్తున్నారు. అబ్బాయి వాళ్ళ పిన్ని, “కొంచెం పైకెత్తండి వదినగారూ” అంది, అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. పంతులుగారు చెయ్యెత్తగానే నేను పూనమ్ భుజం నొక్కాను. మేళం మోగింది, తెర దిగింది.

నెల తిరిగేసరికి పూనమ్ మూడు వేల ఫోటోలు పంపింది. మానస వాటిని ఫోన్లో వేలితో తోసుకుంటూ పోతుంది, ఒక్కోదాని మీద రెండు క్షణాలు కూడా ఆగదు. మాకు అప్పుడు ఒక ఫోటో కోసం వారం రోజుల టార్చి, నాలుగురోజుల కొబ్బరినూనె. ఇది మంచిదా, అది మంచిదా అంటే నేను చెప్పలేను. ఇప్పటి పిల్లలకు ఏదీ తప్పిపోదు, అది చిన్న విషయం కాదు. కాని మూడు వేలల్లోనూ నేను వెతికింది ఒక్కటే, దొరికింది. మానసా, ఆ అబ్బాయీ ఒకరి తల మీద ఒకరు చేతులు పెట్టి చూసుకుంటున్నారు. వాళ్ళ వెనక, జారుతున్న తెర కొస పట్టుకుని మా అక్క ఉంది. అందరూ వధూవరులనే చూస్తున్నారు. అక్క ఒక్కతే సూటిగా కెమెరా వైపు చూస్తోంది, అంటే కెమెరా పక్కనున్న నా వైపు, నమిలి మింగేసేటంత కోపంగా. ఫ్లాష్ వెలుగు ఆమె కళ్ళలో కనిపిస్తోంది. అబ్బాయి వాళ్ళ పిన్ని రెప్పలు పడిపోయాయి. అక్కవి పడలేదు.

పెళ్ళినాటి కోపం అలాగే ఉంది, మానస ఆ ఫోటో చూపించాక కూడా పది రోజులు అక్క నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు పొద్దున్నే ఒక్కతే ఆటోలో మా ఇంటికి వచ్చింది. ఆల్బం తేలేదు. కాఫీ ఇచ్చాను. తాగాక చెంగు ముడి విప్పి, రెండు తెల్లదారం ముక్కలు నా చేతిలో పెట్టింది, ఒకటి కొంచెం పొడుగు, ఒకటి పొట్టి.

“ఆ ఫోటో ప్రింటు తీయించు. ఇది పొడుగు, ఇది అడ్డం” అంది. “పెద్దది తీసేత్తాదేమో ఆ పిల్ల, వద్దని సెప్పు. ఆ మూలల్లో పట్టాల.”